పాలేటి ఒడ్డు నుంచి తిరిగొచ్చిన మనిషి



నెల్లూరు సీమలో పుట్టినవాళ్ళకు చిన్నప్పుడే చెవిన పడే కథ ఒకటుంది. యుద్ధానికి పోయిన మొగుడు ఇల్లు చేరాడు. ఒళ్ళంతా దుమ్ము, నెత్తురు. స్నానానికి నీళ్ళు తోడమన్నాడు. భార్య కాదనలేదు, తోడింది. తోడి, ఆ చోటికి అడ్డంగా నులకమంచం నిలబెట్టింది. మంచం పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునే చోట ఏమేం ఉంటాయో అవన్నీ అమర్చి పక్కకు తప్పుకుంది. ఇదేమిటని అడిగాడతను. శత్రువుకు వీపు చూపించి వచ్చినవాణ్ణి ఎవరు మగవాడంటారు, మీ అమ్మా నేనూ నువ్వూ ఒకటే కదా, ఇందులో సిగ్గెందుకు అన్నట్టుగా జవాబిచ్చింది.

అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. పాలు ఇట్లా ఉన్నాయేమంటే, యుద్ధంలో విరిగి వచ్చిన కొడుక్కు ఇంతకంటే మంచి పాలు ఎక్కడివి అనే అర్థం వచ్చేలా ఆవిడా ఒక మాట అంది. తండ్రి కూడా ఊరుకోలేదంటారు. అతను మళ్ళీ కత్తి తీసుకుని వెళ్ళాడు. ఈసారి తిరిగి రాలేదు.

అతని పేరు తిక్కన. మహాభారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన సోమయాజికి పెదతండ్రి కొడుకు. ఇద్దరూ ఒకే ఇంటి బిడ్డలు, ఇద్దరిదీ ఒకటే పేరు కాబట్టి లోకం ఒకరిని కవి తిక్కన అంది, ఇంకొకరిని ఖడ్గతిక్కన అంది. ఖడ్గతిక్కన తండ్రి సిద్ధన, తల్లి ప్రోలమ్మ, భార్య చానమ్మ. 13వ శతాబ్దంలో నెల్లూరును విక్రమసింహపురి అనేవాళ్ళు. మనుమసిద్ధి రాజు. ఆ కొలువులో ఒక తిక్కన కలం పట్టాడు, ఇంకో తిక్కన కత్తి పట్టాడు.

ఈ కథను మనం పౌరుషం కథగా చెప్పుకుంటూ వచ్చాం. బడిలో అట్లాగే చెప్పారు, అరుగుల మీదా అట్లాగే చెప్పారు. వీరపత్ని అంటే చానమ్మ, వీరమాత అంటే ప్రోలమ్మ. నాకు మాత్రం ఇది మొదట ఒక కాపురం కథ. సరిహద్దులో పనిచేసే మొగుడికీ, ఇంట్లో ఉండిపోయిన భార్యకూ మధ్య ఒక్క పూటలో పుట్టిన అపార్థం కథ. ఈ రోజు దాని గురించే మాట్లాడదలిచాను.

ముందు ఆ సరిహద్దు సంగతి చెప్పాలి. అది లేకుండా ఆ ఇంటి గొడవ అర్థం కాదు.

నెల్లూరుకు ఉత్తరాన పాలేరు. దానికి పడమటి దిక్కున కనిగిరి సీమ. అక్కడ కాటమరాజు అనే యాదవ నాయకుడు. లెక్కలేనన్ని ఆవులు. ఆ సీమలో వానలు లేవు, మేత లేదు, మడుగులు ఎండిపోయాయి. పశువుల్ని తోలుకుని సముద్రం వైపు, నెల్లూరు రాజు ఏలే పచ్చిక బయళ్ళకు వచ్చారు. ఊరికే రాలేదు. ఒప్పందం చేసుకుని వచ్చారు. మేసినందుకు పుల్లరి కింద పుట్టిన కోడెదూడల్ని రాజుకు ఇస్తామని మాట. పాలిచ్చే ఆవు గొల్లకు, సేద్యానికి పనికొచ్చే కోడె రాజుకు. ఇద్దరికీ కలిసొచ్చే బేరం.

అది ఎట్లా చెడిందో కాటమరాజు కథ పాడేవాళ్ళు చెబుతారు. రాజుకు కుందుమాదేవి అనే ప్రియురాలు ఉంది. ఆమె ముద్దుగా పెంచుకునే చిలుక ఒకటి. మందలో కలకలం రేగినప్పుడు గొల్లవాళ్ళ బాణానికి ఆ చిలుక చచ్చిపోయింది. ఆమె రాజు దగ్గర ఏడ్చింది. రాజు తన మనుషుల్ని పంపి ఆవుల్ని చంపించాడు. ఆవుల్ని చంపినవాడికి పుల్లరి ఎందుకు కట్టాలన్నాడు కాటమరాజు. కట్టకపోతే యుద్ధమే అన్నాడు రాజు. పాలేటి ఒడ్డున తలపడ్డారు.

చిలుక సంగతి నిజమో కల్పనో, దాని వెనక ఉన్నది మాత్రం నిజమైన ఆకలి. మేత చాలని కాలంలో ఒక బయలు మీద ఇద్దరికి హక్కు ఉంటే చిలుక లేకపోయినా ఏదో ఒకటి దొరికేది. పుల్లరి కోసం మన దగ్గర మనుషులు చావడం దానితో ఆగలేదు. 1922లో పల్నాడులో అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టమని తెల్లవాళ్ళ సర్కారు అంటే, కట్టనని ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు తుపాకీ గుళ్ళకు కూలిపోయాడు. ఇన్ని శతాబ్దాల దూరంలోనూ అదే పన్ను, అదే మేత.

కాటమరాజు కథను కొమ్ములవాళ్ళు పాడతారు. శ్రీనాథుడు రాశాడని చెప్పే కావ్యమూ ఉంది. తంగిరాల వెంకటసుబ్బారావు గారు ఊరూరూ తిరిగి ఈ కథల్ని సేకరించి అచ్చు వేయించారు, ఆయనకు మనం ఎంతైనా రుణపడి ఉన్నాం. ఆ పాటలో నెల్లూరు రాజు మాట తప్పినవాడు. రాజు పేరు అందులో నల్లసిద్ధి. నెల్లూరు పక్షాన వినిపించే చాటు పద్యాల్లోనేమో అన్యాయం గురించి ఒక్క ముక్క లేదు. వెన్ను చూపడం గురించే ఉంది. ఒకే యుద్ధం. పాలేటికి ఆ గట్టున విన్నది ఒకటి, ఈ గట్టున విన్నది ఇంకొకటి.

చానమ్మ విన్నది ఈ గట్టు మాట.

ఒక్కసారి ఆమె పక్కన నిలబడి చూద్దాం. మొగుడు సేనతో వెళ్ళాడు. రోజుల ప్రయాణం. కబురు వచ్చే దారి లేదు. వచ్చిన కబురు కూడా ఎవరో పారిపోయి వచ్చినవాడు చెప్పిందే అయి ఉంటుంది. పారిపోయి వచ్చినవాడు తన పరువు కాపాడుకోవడానికి ఏం చెబుతాడు? నాయకుడే వెనక్కి తిరిగాడు, మేమేం చేయగలం అంటాడు. ఆ మాట సంతలో పడుతుంది, నీళ్ళ రేవులో పడుతుంది, గుడి మండపంలో పడుతుంది. పెన్న ఒడ్డున నీళ్ళకు వెళ్ళిన చానమ్మను చూసి నలుగురు ఆడవాళ్ళు మాట ఆపేస్తారు. మొగుడు వాకిట్లో అడుగు పెట్టే వేళకు, అతనేం చేశాడో అతని కంటే ముందే ఊరు ఆమెకు చెప్పేసింది.

తిక్కన పక్కన కూడా నిలబడాలి. సేన చెదిరిపోయింది, మళ్ళీ బలగం కూడగట్టుకోవడానికే వెనక్కి వచ్చాడని చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకు అదే సబబుగా కనిపిస్తుంది. పిరికివాడైతే ఇంటికి రాడు, ఇంకెక్కడికైనా పోతాడు. ఆవుల్ని కాసుకునే మనుషులు తమ మందల కోసం తెగించి పోరాడుతుంటే అతను చూశాడు. వాళ్ళ చేతుల్లో తనవాళ్ళు చచ్చిపోతుంటే చూశాడు. రాజు చేసింది తప్పేమో అన్న అనుమానం కూడా అతనికి వచ్చి ఉండవచ్చు. ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి? ఇంట్లో వాళ్ళకే కదా. చెప్పుకోవడానికి ముందు ఒళ్ళు కడుక్కుందామనుకున్నాడు. మంచం అడ్డం కనిపించింది.

మూడు తరాల నుంచి మంత్రులుగా, సేనానులుగా ఉన్న ఇల్లు అది. కేతన తన దశకుమార చరిత్రను తిక్కన సోమయాజికి అంకితమిస్తూ ఆ వంశాన్ని వివరంగా వర్ణించాడు. మంత్రి భాస్కరుడి కొడుకులు, వాళ్ళ కొడుకులు, ఎవరి పేరు చూసినా పక్కన ఒక గొప్ప పని ఉంటుంది. అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన చానమ్మకు మొగుడి పరువు పోతే తనకంటూ ఏమీ మిగలదు. ఆ కాలంలో రాజుకు భార్య ఉండగా ప్రియురాలు ఉంటే ఎవరూ తప్పు పట్టలేదు. అట్లాంటి సవతి చానమ్మకు ఉన్నట్టు కథ చెప్పదు. ఆమెకున్న సవతి వేరు. మొగుడి పేరే ఆమెకు సవతి. మనిషి కంటే ఆ పేరే ఇంట్లో పెద్దపీట వేసుకుని కూర్చుంది. మనిషి వచ్చాడు, పేరు రాలేదు. పేరు రాని మనిషికి ఆమె చోటివ్వలేకపోయింది.

ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కత్తి పట్టే హక్కు లేని మనిషి చేతికి దొరికింది పసుపు ముద్దే. అతను మళ్ళీ వెళితే ఏమవుతుందో ఆమెకు తెలియదనుకోలేం. ఆ పసుపు తను ఇక వాడుకోకూడనిదవుతుందని ఆమెకు అందరికంటే బాగా తెలుసు. తెలిసీ పెట్టింది. అంత తెగింపు వెనక ఎంత భయం ఉందో మనం లెక్క వేయలేదు. పొగిడాం, పద్యాలు కట్టాం. అతన్ని ఏం జరిగిందని ఆ ఇంట్లో ముగ్గురిలో ఒక్కరూ అడగలేదన్న సంగతిని మాత్రం ఎన్ని తరాలుగానో చూసీ చూడనట్టు దాటేశాం. నాకు బాధ అక్కడ.

ఇంకొక సంగతి ఉంది. నెల్లూరులో అదే కాలంలో, అదే ఇంటి రెండో తిక్కన, అదే మనుమసిద్ధికి ఒక కావ్యం అంకితమిచ్చాడు. నిర్వచనోత్తర రామాయణం. ఉత్తర రామాయణమంటే తెలిసిందే. రాముడు యుద్ధం గెలిచి, సీతతో అయోధ్యకు వచ్చి, పట్టం కట్టుకున్నాక ఊళ్ళో ఏమనుకుంటున్నారని విచారిస్తాడు. పరాయివాడి ఇంట ఉన్న భార్యను ఏలుకుంటున్నాడని అనుకుంటున్నారని తెలుస్తుంది. ఆ రాత్రి సీత అదే మేడలో ఉంది. పిలిస్తే పలికే దూరం. ఒక్క మాట ఆమెను అడగడు. తమ్ముణ్ణి పిలిచి, మునుల ఆశ్రమాలు చూడాలని సరదాపడింది కదా, తీసుకెళ్ళి అక్కడ వదిలి రమ్మంటాడు.

ఆ కావ్యాన్ని కొలువులో చదివినప్పుడు విన్నవాళ్ళలో యుద్ధాలకు వెళ్ళి వచ్చినవాళ్ళు ఎందరో ఉంటారు. సీతకు జరిగింది విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఆ కావ్యాన్నీ ఆ ఊరి కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ఇంట మొగుడు అడగలేదు, ఇంకొక ఇంట భార్య అడగలేదు. ఒకటి పురాణం, ఒకటి చరిత్ర. రెండింటిలోనూ ఊరి మాట ముందు లోపలికి వచ్చింది.

ఇప్పటి కోస్తాకు వద్దాం. మైపాడు, జువ్వలదిన్నె, ఇసకపల్లి, తుమ్మలపెంట, కృష్ణపట్నం. ఈ ఊళ్ళలో సరిహద్దు అంటే సముద్రమే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు మగవాళ్ళు ఇంటిపట్టున ఉంటారు. మిగతా కాలమంతా తెల్లవారుజామున పోవడం, ఎప్పుడొస్తారో ఎంతొస్తుందో తెలియకపోవడం. బోటు ఖాళీగా వచ్చిన రోజు ఒడ్డున గంప పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ముఖం చూడాలి. డీజిలు అప్పు, వల అప్పు, సంఘానికి కట్టాల్సిన డబ్బు ఆ ముఖంలో కనిపిస్తాయి. పక్క బోటుకు చేప పడి మన బోటుకు పడకపోతే రెండు మాటలు జారతాయి. 'వాళ్ళకు పడింది నీకెట్టా పడలేదయ్యా?' అనే ప్రశ్నలో ఎన్ని అనుమానాలుంటాయో ఆ ఊళ్ళవాళ్ళకు తెలుసు. చేప అమ్ముకుని తాగి వచ్చాడేమో, రేవులో ఇంకొకరికి ఇచ్చి వచ్చాడేమో. ఒక్కోసారి అది నిజమే అవుతుంది. చాలాసార్లు కాదు. గొడవ ముదిరితే ఊరి పెద్దకాపుల ముందుకు పోతుంది. అక్కడ ఒక మంచి ఉంది. ఇద్దరి మాటా వినకుండా వాళ్ళు తగవు చెప్పరు.

అయితే ఈ సీమలో నిజంగా సరిహద్దు దాటిన కాపురాలు కువైట్ కాపురాలు. కడప, నెల్లూరు, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు అరబ్బుల ఇళ్ళలో పనికి పోయారు, పోతూనే ఉన్నారు. ఆ పనిని ఖద్దామా పని అంటారు. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వం నియమం పెట్టింది. కాబట్టి పోయేవాళ్ళు ఎక్కువగా పెళ్ళయి, పిల్లల్ని కన్నవాళ్ళే. ఇక్కడ కథ తిరగబడింది. పొలిమేర దాటింది భార్య. వాకిట్లో కూర్చుని ఊరి మాట వినేది మొగుడు.

తీర ప్రాంతంలో నాకు తెలిసిన ఒక కాపురం గురించి చెబుతాను. పేర్లు వద్దు. ఆమె ఇల్లు కట్టుకుందామని పోయింది. అతను ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి పోయేవాడు. రాత్రి 9 గంటలకు పిల్లలు పడుకునే ముందు ఆమెకు ఫోన్ చేసేవాడు. మనకు 9 అయితే వాళ్ళకు సాయంత్రం 6:30. ఆ ఇంట్లో వంటలు జరిగే వేళ. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. శుక్రవారం అక్కడ సెలవు కదా, తీరిగ్గా మాట్లాడొచ్చు కదా అని అతనికి కోపం. శుక్రవారమే ఆ ఇంటికి చుట్టాలంతా దిగుతారనీ, ఆ రోజే ఆమెకు నడుం పడిపోయేంత చాకిరీ అనీ అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు. చెబితే వచ్చేయమంటాడని భయం.

ఒక రాత్రి మాటల మధ్యలో ఆమె ఫోన్ పక్కకు పెట్టి ఎవరికో పలికింది. 'వస్తన్నా మామా' అంది. ఆ తర్వాత ఫోన్ కట్టయిపోయింది.

మన దగ్గర ఆడది ఎవరిని మామా అని పిలుస్తుందో చెప్పనక్కరలేదు. ఆమె అతన్ని పిలిచేదీ అట్లాగే. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. మర్నాడు ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. టీ అంగట్లో ఎవరో కువైట్ పోయిన ఆడవాళ్ళ గురించి ఒక చెడ్డ మాట అన్నారు. అది తన భార్య గురించే అన్నారనుకున్నాడు. అటు ఆమె, ఇతను ఫోన్ ఎత్తడం లేదంటే ఇంకెవరినో తెచ్చుకున్నాడనుకుంది. డబ్బు అతనికి పంపడం మానేసి పుట్టింటికి పంపింది. అది చూసి అతని అనుమానం రూఢి అయింది. కొత్త ఇంటి గోడలు కిటికీల ఎత్తు దాకా లేచి అక్కడే ఆగిపోయాయి. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ గోడల మధ్య పిల్లలు మేక పిల్లను కట్టేసి ఆడుకుంటున్నారు. అతను పలకరించాడు గానీ ఆమె పేరెత్తలేదు. గోడ మీద ఆమె ఫోటో ఉన్న క్యాలెండరు పక్కకు తిప్పేసి ఉంది.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అని పిలుస్తారు. యజమానిని బాబా అంటారు. అక్కడ మామా అంటే అమ్మ. అక్కడికి పోయి వచ్చిన ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతి ఇది. ఇతనికి తెలియదు. ఒక ఏడాది ఊళ్ళోవాళ్ళలో ఇంకొకామె సెలవుకు వచ్చి, మా మామా కోపం వస్తే చెప్పు విసిరేది అని అందరిలో చెబుతుంటే విన్నాడు.

ఆ రాత్రే ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో అతను నాకు మొత్తం చెప్పలేదు. మొదటి ముక్క మాత్రం చెప్పాడు. 'ఎవురు మే ఆ మామ?' అని అడిగాడట. 'మా ఇంటామె అయ్యా. ఇన్నాళ్ళూ దానికా నువ్వు ఎత్తంది?' అని ఆమె చాలాసేపు ఏడ్చిందట. తిట్టింది కూడా. అతను తిట్లు విన్నాడు.

ఇలాంటి వాటికి ప్రేమలూ నమ్మకాలూ అని పెద్ద పెద్ద మాటలు చెబుతుంటారు. నాకు ఇంకా చిన్న పనులు అవసరమనిపిస్తుంది. పోయే ఆడవాళ్ళకు పాస్‌పోర్టు, వీసా ఇప్పించి, నాలుగు అరబ్బీ మాటలు నేర్పించి పంపుతున్నారు. ఆ నాలుగు మాటలు మొగుడికీ, అత్తకూ నేర్పాలి. అక్కడి రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, శుక్రవారం ఎట్లా గడుస్తుందో ఇక్కడ కూర్చున్నవాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. తిరిగొచ్చిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి అడగాలి. అక్కడ పడ్డ కష్టం గురించి అడిగితే వాళ్ళు తప్పక చెబుతారు. మనం అడిగేది ఎంత సంపాదించావని మాత్రమే.

ఖడ్గతిక్కన కథ చెప్పేటప్పుడు కూడా పిల్లలకు పాలేరు గురించి చెప్పండి. కనిగిరి కరువు గురించి, కోడెదూడల ఒప్పందం గురించి, ఆవుల్ని చంపించిన రాజు గురించి చెప్పండి. అతను ఆ రోజు ఏం చూసి వచ్చి ఉంటాడో వాళ్ళనే ఊహించమనండి. పిల్లలు బాగా ఊహిస్తారు. నులకమంచం, పసుపు ముద్ద ఎటూ వాళ్ళకు గుర్తుంటాయి.

ఆ కువైట్ ఆమె వీసా గడువు తీరాక వచ్చేసింది. ఇల్లు పూర్తయింది, పైన రేకులే వేసుకున్నారు. శ్లాబు వేయాలంటే మళ్ళీ ఒక రెండేళ్ళు పోయి రావాలంటుంది ఆమె. వద్దంటాడు అతను. ఈ మధ్య కలిసినప్పుడు నా ముందే వాదులాడుకున్నారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, అప్పటికి పెద్దపిల్లకు ఈడు వస్తుందా రాదా, గుంటల దగ్గర జీతం పెంచుతారా పెంచరా. లెక్కలు కాగితం మీద వేసి చూపించింది ఆమె. అతను ఆ కాగితం తీసుకుని ఒక అంకె దగ్గర తప్పు పట్టుకున్నాడు. ఇంకా తేలలేదు.